కొక్కేనికి పూర్తి రక్షణ

జిల్లా కేంద్రాల్లో ఎక్స్‌రే గదులు చాలానే చూశాను. మెషిన్లు మారాయి, ఫిల్మ్ పోయి కంప్యూటర్ వచ్చింది, డార్క్‌రూమ్ కాస్తా స్టోర్‌రూమ్ అయింది. ఒక్కటి మాత్రం మారలేదు. గది మొత్తం మీద రేడియేషన్ నుంచి నూటికి నూరుపాళ్లూ రక్షణ పొందుతున్నది తలుపు వెనకాల కొక్కెం. అర మిల్లీమీటరు సీసానికి సమానమైన నీలం రంగు ఏప్రన్ పగలూ రాత్రీ దాన్ని కప్పుకునే ఉంటుంది. ఆ కొక్కేనికి ఏ జబ్బూ రాదని నేను స్టాంప్ పేపర్ మీద రాసివ్వగలను.

ఈ ఏప్రన్ గారు డిపార్ట్‌మెంట్‌లో అందరికంటే సీనియర్. మెషిన్‌తో పాటే ఉద్యోగంలో చేరారు. మెషిన్ రెండుసార్లు మారినా ఆయనకు బదిలీ లేదు, నైట్ డ్యూటీ లేదు, రిటైర్మెంట్ అసలే లేదు. భుజం మీద టెక్నీషియన్ గారి లంచ్ బ్యాగు, జేబులో స్కూటర్ తాళం, కింద అంచున కిందటి హోలీ రంగు. ఆయన వెనకాల గోడ మీద ఒక బోర్డు ఉంది: ‘గర్భిణులు ముందుగా తెలియజేయవలెను’. ఏప్రన్ అడ్డుగా ఉండటం వల్ల ఆ అక్షరాలకు కూడా కిరణాలు సోకడం లేదు. జనం చూపు కూడా సోకడం లేదనుకోండి, అది వేరే విషయం.

ఏప్రన్‌ను మడతపెట్టకూడదని, మడిస్తే లోపలి సీసం పొర పగులుతుందని, వాడనప్పుడు వేలాడదీసే ఉంచాలని ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. రేడియేషన్ భద్రతలో మనవాళ్లు ఇంత నిష్ఠగా పాటించే నియమం ఇంకొకటి లేదు. కాకపోతే చదివేటప్పుడు ‘వాడనప్పుడు’ అన్న ముక్క మింగేశారు. లోపల పగుళ్లున్నాయేమో ఏడాదికోసారి ఎక్స్‌రే తీసో, తెర మీద కదిలే ఎక్స్‌రే బొమ్మ చూపించే ఫ్లోరోస్కోపీ కింద పెట్టో చూడాలని కూడా రాసి ఉంది. అలా చూడాలంటే ఆయన్ని కొక్కెం మీంచి దించాలి. పెద్దమనిషికి అంత అవమానం ఎవరు చేస్తారు?

ఇంతకీ ఆయనతో పనేమిటో రెండు ముక్కల్లో చెప్పుకుందాం. ట్యూబ్ నుంచి వచ్చిన కిరణాల్లో కొన్ని పేషెంట్ ఒంట్లోంచి అవతలికి వెళ్లి బొమ్మ గీస్తాయి. కొన్ని ఒంట్లోనే ఆగిపోతాయి. కొన్ని ఒంటికి తగిలి దారి మళ్లి నలుదిక్కులా చెదిరిపోతాయి. గదిలో నిలబడ్డవాళ్లకు తగిలేది ఎక్కువగా ఈ చెదిరినవే, ఏప్రన్ అడ్డుకునేదీ వీటినే. ఎక్స్‌పోజర్, అంటే ట్యూబ్ కిరణాలు వదిలే ఆ కాస్త సేపు, అయిపోగానే కథ ముగిసినట్టే. లైటు ఆర్పాక వెలుగు మూలల్లో దాక్కోదు, ఎక్స్ కిరణాలూ అంతే. ఈ సంగతి తెలియక, రేడియేషన్ బయటికి పోవడానికని గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించిన యాజమాన్యం ఒకటి నాకు తెలుసు. ఫ్యాన్ చక్కగా తిరుగుతోంది. దాని కిందే కొక్కెం, కొక్కేనికి మన ఏప్రన్ గారు.

ఏప్రన్ గారికో తమ్ముడున్నాడు, పేరు టీఎల్‌డీ బ్యాడ్జి, ఒంటికి తగిలిన రేడియేషన్‌ను లెక్కపెట్టడం అతని పని. టెఫ్లాన్‌లో కలిపిన కాల్షియం సల్ఫేట్, అందులో రవ్వంత డిస్ప్రోసియం అనే లోహం, అలాంటి బిళ్లలు మూడు. ఛాతీ దగ్గర, ఏప్రన్ లోపల పెట్టుకోవాలి. మూడు నెలలకోసారి ల్యాబ్‌కు పంపితే ఆ బిళ్లల్ని వేడిచేసి, అవి వెలిగే వెలుగును బట్టి ఆ మనిషికి ఎంత డోసు తగిలిందో చెబుతారు. ఎంత తెలివైన ఏర్పాటు! దాన్ని మనవాళ్లు అంతకంటే తెలివిగా ఆఫీసు బీరువాలో, రబ్బరు స్టాంపుల డబ్బా పక్కన పెట్టి తాళం వేస్తారు. పోతే మళ్లీ డబ్బు కట్టాలి కదా.

రేడియేషన్ తగలని చోట ఉంచడానికి కంట్రోల్ బ్యాడ్జి అని ఒకటి విడిగా ఇస్తారు. దాని రీడింగ్‌ను మిగతావాటిలోంచి తీసేసి అసలు డోసు లెక్కకడతారు. మనదగ్గర కంట్రోలూ ఆ బీరువాలోనే, మిగతావీ ఆ బీరువాలోనే. బీరువాలోంచి బీరువాను తీసేస్తే సున్నా. మూడు నెలలకోసారి సున్నాల వరుసతో రిపోర్టు వస్తుంది, నోటీసు బోర్డుకెక్కుతుంది, అందరూ తృప్తిగా చూసుకుంటారు. మా బీరువా ఆరోగ్యంగా ఉందని గుర్తింపు పొందిన ల్యాబ్ ధ్రువీకరించింది.

ఒక్కోసారి దీనికి రివర్స్‌లో జరుగుతుంది. ఎవరో నియమం గుర్తొచ్చి బ్యాడ్జి పెట్టుకుంటారు, టీకి వెళ్తూ ఏప్రన్‌తో పాటు కొక్కేనికి తగిలిస్తారు, మరిచిపోతారు. మూడు నెలలు అది ట్యూబ్‌కు ఎదురుగా వేలాడుతుంది. రీడింగ్ ఆకాశాన్నంటుతుంది. ఇంత డోసు ఎలా తగిలిందో వివరణ ఇవ్వమని ఉత్తరం వస్తుంది. న్యాయంగా అయితే ఆ వివరణ రాయాల్సింది ఏప్రన్ గారే:

‘అయ్యా, బ్యాడ్జి నా మెడలో ఉన్న మాట వాస్తవం. టెక్నీషియన్ గారు టీకి వెళ్లారు, అటునుంచి లీవుకు వెళ్లారు, అటునుంచి మేనమామ కూతురి పెళ్లికి వెళ్లారు. నేను గదిలోనే ఉన్నాను. ఈ మూడు నెలల్లో తీసిన ఛాతీలు, నడుములు, మోకాళ్లు అన్నీ నా కళ్లముందే జరిగాయి. ఎక్స్‌పోజర్ ఇచ్చేటప్పుడు అందరూ పరుగెత్తి కన్సోల్ అద్దం వెనక్కి వెళ్లారు, నన్ను పిలిచినవాడు లేడు. రోజూ గాలి పీల్చి బిగపట్టమన్నారు, నేనూ బిగపట్టాను. వదలమనేలోగా తర్వాతి పేషెంట్ వచ్చేశాడు. నా సర్వీసును దృష్టిలో పెట్టుకుని నాకూ ఒక ఏప్రన్ మంజూరు చేయించ ప్రార్థన. ఇట్లు, తమ విధేయుడు.’

ఇక ఇన్‌స్పెక్షన్ రోజు. 1983లో పుట్టిన అణుశక్తి నియంత్రణ మండలి, అందరూ ఏఈఆర్‌బీ అనేది, మనిషిని పంపిస్తోందని కబురు వస్తే చాలు, ఆసుపత్రికి సంక్రాంతి ముందే వచ్చేస్తుంది. ఏప్రన్ గారికి స్నానం. తలుపు మీద ఎర్ర బల్బు వెలుగుతుంది, ఇన్నాళ్లూ వెలగదని కాదు, స్విచ్ ఎక్కడుందో ఆరోజే దొరుకుతుంది. బీరువా తెరిచి బ్యాడ్జీలు పంచుతారు. ఒకటి ఉద్యోగం మానేసి గల్ఫ్ వెళ్లినవాడిది, అది వాచ్‌మన్ చొక్కాకు పెడతారు. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్ ఎవరని అడిగితే చూపించడానికి ఆయన్ని పక్క ఊరి నుంచి కారులో తెప్పిస్తారు. ఎక్స్‌రే గది ఎటువైపో ఆయనే వాచ్‌మన్‌ను అడుగుతాడు. ఇద్దరికీ బ్యాడ్జీలున్నాయి కాబట్టి మర్యాదగా మాట్లాడుకుంటారు.

ఆరోజు స్టూడెంట్లకు మాత్రం సెలవు. ఎందుకంటే వాళ్లకు పెట్టడానికి బ్యాడ్జి లేదు.

ఇంటర్ బైపీసీ పాసై, మెడిసిన్ సీటు రాక, ఇమేజింగ్ డిప్లొమాలోనో బీఎస్సీలోనో చేరిన పిల్లలు వీళ్లు. క్లాసులో నేర్పేది పద్ధతిగానే నేర్పుతారు. టైమ్, డిస్టెన్స్, షీల్డింగ్. దూరం రెట్టింపయితే డోసు నాలుగో వంతు. అవసరం లేని ఎక్స్‌పోజర్ ఇవ్వొద్దు, పేషెంట్ పేరు, ఏ వైపో సరిచూసుకో, ఆడవాళ్లకు గౌను ఇవ్వు, ఫిల్మ్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకు. ఎథిక్స్ అని ఒక యూనిట్ కూడా ఉంది, పరీక్షకు ముందురోజు చదువుకోవచ్చు. తర్వాత పోస్టింగ్‌కు వస్తారు. మొదటి రోజే ఏడుస్తూ గింజుకుంటున్న చంటిబిడ్డ, పక్కన తల్లి, సార్ కన్సోల్ దగ్గర. ‘ఏయ్ అమ్మాయ్, కాస్త గట్టిగా పట్టుకో.’ పట్టుకుంటుంది. ఏప్రన్ కొక్కెం మీదే ఉంటుంది.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు.

బిడ్డ కదలకుండా ఉండటానికి ముందు బెల్టులు, ఇసుక సంచులు, స్పాంజి దిమ్మలు వాడాలి. కుదరకపోతే ఇంటివాళ్లలో గర్భిణి కాని పెద్దవాళ్లు ఏప్రన్ వేసుకుని పట్టుకోవాలి. ఒకే మనిషిని పదే పదే ఆ పనికి పెట్టకూడదు. ఇదంతా ఆ సార్‌కు తెలుసు. చెప్పింది ఆయనే, బోర్డు మీద రాసింది ఆయనే. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లను ఈ పనిలో ఉద్యోగులుగా పెట్టుకోకూడదు. డోసును కొలిచేది మిల్లీసీవర్ట్‌లలో; ఉద్యోగులకు అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. 16 నుంచి 18 ఏళ్ల లోపు శిక్షణలో ఉన్నవాళ్లకు 6. మామూలు జనానికి 1. మరి ఈ అమ్మాయికి? బ్యాడ్జి లేదు కాబట్టి కొలత లేదు, కొలత లేదు కాబట్టి డోసు లేదు, డోసు లేదు కాబట్టి రేపు కూడా తనే పట్టుకుంటుంది. వార్డుల్లోకి తోసుకెళ్లే పోర్టబుల్ మెషిన్‌కు తనే, ఆపరేషన్ థియేటర్‌లో వాడే ఎక్స్‌రే మెషిన్ సీ-ఆర్మ్ దగ్గరా తనే. ఉద్యోగం కాదు కాబట్టి జీతం లేదు, పైగా ఏడాదికింతని ఫీజు కడుతోంది.

‘ఒక్క చెస్ట్ ఎక్స్‌రేకి ఏమవుతుందండీ?’ అంటారు. ఏమీ కాదు. పక్కన నిలబడి పట్టుకున్నవాళ్లకు ఒకసారికి తగిలేది చాలా తక్కువ, భయపెట్టడం నా పని కాదు. కానీ ఒకసారి అని ఎవరన్నారు? రెండేళ్లలో ఎన్నిసార్లో ఎవరు లెక్కపెట్టారు? లెక్కపెట్టడానికే కదా ఆ బిళ్లలు కనిపెట్టింది! 1895లో రాంట్‌జెన్ ఈ కిరణాల్ని చూసినప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీ ట్యూబుల్ని తన చేతుల మీదే పరీక్షించి, చేతులు పోగొట్టుకుని, 1904లో చనిపోయాడు. అలా పోయినవాళ్ల కోసం 1936లో హాంబర్గ్‌లో ఒక స్మారకం కట్టారు, మొదట చెక్కినవే 169 పేర్లు. వాళ్లకు తెలియక పోయారు. మీకు తెలుసు. తెలిసీ, కొనీ, బిల్లు ఫైల్లో పెట్టుకునీ, చేయి చాచితే అందే దూరంలో వేలాడదీసి, వేరేవాళ్ల పిల్లని ఉత్త చేతులతో కిరణాల ముందుకు నెడుతున్నారు. మీ కూతుర్ని నెడతారా?

స్టూడెంట్ ‘సార్, ఏప్రన్’ అని అడగొచ్చు. ఒకరిద్దరు అడిగారు కూడా. ‘మాకు నేర్పుతున్నావా?’ అన్నారు, అటెండెన్స్ కోశారు, ఇంటర్నల్ మార్కులు గుర్తుచేశారు. మూడోవాడు అడగలేదు.

కాబట్టి వైవాకు వచ్చే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్లకు ఒక మనవి. బిర్యానీ భోజనానికి ముందే ఈ పని కానివ్వండి. రేడియేషన్ రక్షణ సూత్రాలు మూడు చెప్పమని అడగొద్దు, చిలకల్లా చెబుతారు. ‘నీ బ్యాడ్జి నంబరెంత? కిందటి మూడు నెలల రీడింగ్ ఎంత?’ అని అడగండి. పిల్లలు బిక్కమొహం వేస్తే, పక్కన కుర్చీలో నవ్వుతూ కూర్చున్న ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి మార్కులు ఆయనకు వేయండి.