మహారాజశ్రీ పిప్ గారికి

పైథాన్ ప్రోగ్రామింగ్ భాష ప్యాకేజీలను కంప్యూటరులో వేసిపెట్టే పెద్దదిక్కయిన పిప్ గారి సముఖానికి నమస్కారములు. ఉభయ కుశలోపరి అని మొదలుపెట్టడం మన సంప్రదాయమే గానీ, నిన్న మధ్యాహ్నం తరువాత అందులో ‘ఉభయ’ అన్న మాట రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. మీరు మాత్రం క్షేమంగానే ఉన్నారని మీ సందేశాలే చెబుతున్నాయి.

కొత్తగా ఉబుంటు వేసిన కంప్యూటరులో, పోస్ట్‌గ్రెస్ డేటాబేసు కోసం సైకోపీజీ2 లైబ్రరీ కావాలని, భోజనం ముగించుకుని రెండు గంటలకు ఒక్క కమాండు ఇచ్చాను. ఉబుంటు తన పనులకు వాడుకునే సిస్టమ్ పైథాన్ జోలికి రావద్దని మీరు గుమ్మంలోనే ఆపారు. 2023 నుంచి అమలులోకి వచ్చిన ఆ కట్టుబాటు సబబైనదే కనుక తప్పుపట్టను. దాన్ని దాటించే ఆప్షనుకు ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ అని పేరు పెట్టిన నిజాయితీకి మెచ్చుకుంటాను కూడా.

సిస్టమ్ జోలికి పోకుండా విడిగా ప్యాకేజీలు వేసుకునే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ సిద్ధం చేసుకుని మళ్ళీ అడిగితే, పోస్ట్‌గ్రెస్ వివరాలు చెప్పే పీజీ కాన్ఫిగ్ ప్రోగ్రాము కనబడలేదంటూ తెర నిండా లోపాల చిట్టా పరిచి, అడుగున తాపీగా ఒక గమనిక అతికించారు: ఈ లోపం ఒక సబ్‌ప్రాసెస్‌లో (అంటే మీరు పిలిచిన మరో ప్రోగ్రాములో) పుట్టింది, బహుశా ఇది పిప్ సమస్య కాదు. లిబ్‌పీక్యూ డెవ్ అనే ప్యాకేజీతో దాన్ని వేశాను. సీ భాష కంపైలరు జీసీసీ లేదన్నారు, అడుగున అదే గమనిక. జీసీసీ వేశాను. పైథాన్ నడుస్తున్న కంప్యూటరులోనే పైథాన్ డాట్ హెచ్ అనే హెడర్ ఫైలు దొరకలేదన్నారు. అడుగున మళ్ళీ అదే గమనిక.

అయ్యా, సమస్య మీదని నేను అన్నానా? గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే భుజాలు తడుముకోవడం దేనికి? సంబంధం తెచ్చి, ముహూర్తం పెట్టించి, పీటల మీద గొడవ మొదలుకాగానే ‘బహుశా ఇందులో నా ప్రమేయం లేదు’ అంటూ విస్తరి ముందు కూర్చునే పెళ్ళిళ్ల పేరయ్యకూ మీకూ తేడా ఏమిటి? పైగా ఆ ‘బహుశా’ ఒకటి! మీకే ఖాయంగా తెలియనప్పుడు నాకు ధైర్యం చెప్పడమెందుకు? మీ పేరు విప్పితే ‘పిప్ ఇన్‌స్టాల్స్ ప్యాకేజెస్’ అని వస్తుంది, అందులోని పిప్‌ను విప్పినా మళ్ళీ మీరే వస్తారు. ఘనత దగ్గర ఎన్నిసార్లయినా మీ పేరే, లోపం దగ్గరకు వచ్చేసరికి సబ్‌ప్రాసెసా? దాన్ని పిలిచింది ఎవరు? నేనా?

బొమ్మల పనికి వాడే సీవీ2 లైబ్రరీ కావాలంటే ఓపెన్‌సీవీ పైథాన్ అని అడగాలన్న సంగతీ, పేరు వెతుక్కుందామంటే మీ సెర్చ్ కమాండు పలకదన్న సంగతీ ఇప్పుడు ఎత్తను.

నాలుగున్నరకు, విసిగి, తెరను పైకి జరుపుకుంటూ మొదటి లోపం దాకా వెళ్ళి చదివాను. సోర్సు నుంచి కంపైల్ చేయడం ఇష్టం లేకపోతే ముందే కంపైల్ చేసి ఉంచిన సైకోపీజీ2 బైనరీ వేసుకోమని ఆ లైబ్రరీ పాపం మొదటిసారే చెప్పింది. మీ గమనిక మీద కోపంతో నేనే చదవలేదు. వేశాను. కొన్ని క్షణాల్లో ‘సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్’ అన్నారు, ఎంత కోపంలో ఉన్నా ఆ రెండు మాటలు చూసి ప్రాణం లేచివచ్చిందని ఒప్పుకోక తప్పదు.

ఆ వెంటనే మీ కొత్త వెర్షను వచ్చిందని, వేసుకోమని కబురు చెప్పారు. వేశాను. పీజీ కాన్ఫిగ్ అడగలేదు, జీసీసీ అడగలేదు, హెడర్లు అడగలేదు; ఒక్క దెబ్బకు పూర్తయింది.

ఇట్లు,
బహుశా మీ విధేయుడు