చత్వారానికి పేరుంది, చూపు కొలిచేవారికే లేదు

నలభై దాటాక దగ్గరి అక్షరాలు అలుక్కుపోవడాన్ని చత్వారం అంటాం. సంస్కృతంలో నలభైకి ఉన్న చత్వారింశత్ అనే మాట అందులో దాగి ఉంది. దూరపు చూపు తగ్గితే ‘సైటు వచ్చింది’ అంటాం, కంటిలోని కటకం మసకబారి తెల్లబడితే శుక్లం అంటాం, కంటిలో ఒత్తిడి పెరిగి చూపు హరించుకుపోతే నీటికాసులు అంటాం. ఇన్ని లోపాలకు ఇన్ని పేర్లున్న భాషలో, ఆ చూపును కొలిచి అద్దం నిర్ణయించే మనిషికి మాత్రం పేరు స్థిరపడలేదు. ఆసుపత్రిలో ఆమె ‘కళ్లు చెక్ చేసే మేడమ్’, బజారులో అతను ‘కళ్లజోళ్ల షాపాయన’. కంటి వైద్యుడు అని రాస్తే తప్పు, ఎందుకంటే ఎంబీబీఎస్ చదివి ఆపై ఎంఎస్ చేసి శస్త్రచికిత్సలు చేసే వ్యక్తి వేరు. ఆప్టోమెట్రిస్టు అనే మాటే దిక్కు, కానీ ఆ మాట తెలిసినవారు తక్కువ. అందుకే ఆ చదువులో చేరే పిల్లలకు కూడా తాము ఏమి కాబోతున్నారో చాలాకాలం అర్థం కాదు.

మనదేశంలో ఈ చదువు కొత్తదేమీ కాదు. చెన్నైలో శంకర నేత్రాలయ ఆధ్వర్యంలో ఎలైట్ స్కూల్ ఆఫ్ ఆప్టోమెట్రీ 1985లోనే మొదలైంది. హైదరాబాదులో 1987లో ఏర్పడిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఈ విద్యను తన పనిలో భాగం చేసుకుంది. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆరేళ్ల సమీకృత కోర్సు కూడా ఉంది. సాధారణంగా బ్యాచిలర్ డిగ్రీలో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఇంత చరిత్ర ఉన్నా, మన దగ్గర ఇది నీట్‌లో ర్యాంకు రాని బైపీసీ విద్యార్థికి ఇంట్లోవాళ్లు చూపించే నాలుగో దారిగానో అయిదో దారిగానో మిగిలింది. సగం డాక్టరు అవుతామన్న ఆశతో చేరినవాడికి మొదటి సెమిస్టరులో కాంతిశాస్త్రం లెక్కలు ఎదురవుతాయి. భౌతికశాస్త్రాన్ని ఇంటర్‌తోనే వదిలించుకున్నామనుకున్నవాళ్లు అక్కడే కుంగిపోతారు.

ఈ వృత్తికి అసలు పరీక్ష లెక్కల్లో లేదు, చీకటి గదిలో ఉంది. రోగి దూరంగా ఒక గుర్తును చూస్తూ కూర్చుంటాడు. విద్యార్థి చాచిన చేయంత దూరంలో, అంటే సుమారు 66 సెంటీమీటర్ల ఎడంలో, రెటినోస్కోపు పట్టుకుని సన్నని వెలుగు గీతను రోగి కంటిపాప మీద అటూ ఇటూ ఆడిస్తాడు. పాపలోంచి నారింజ రంగు మెరుపు తిరిగివస్తుంది. గీత కదిలిన వైపే మెరుపు కదిలితే ప్లస్ అద్దం పెట్టాలి, ఎదురుగా కదిలితే మైనస్ పెట్టాలి. ట్రయల్ ఫ్రేములో అద్దాలు ఒక్కొక్కటిగా మారుస్తూ పోతే ఒకచోట కదలిక ఆగి పాప మొత్తం ఒక్కసారిగా వెలుగుతుంది. అప్పుడు తాను కూర్చున్న దూరానికి లెక్కగా ఒకటిన్నర డయాప్టర్లు (అద్దం పవరును కొలిచే ప్రమాణం) తీసేయాలి. నోరు విప్పి చెప్పలేని రెండేళ్ల పాపకు, చార్టు చదవలేని ముసలమ్మకు ఎంత పవరు అద్దం కావాలో తేల్చడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి లేదు. దీన్ని పుస్తకం నేర్పదు. వందల కళ్లు చూస్తేనే ఆ మెరుపు విద్యార్థికి భాషగా మారుతుంది.

ఇప్పుడు బజారుకు వద్దాం. ‘కంప్యూటర్ ద్వారా ఉచిత కంటి పరీక్ష’ అన్న బోర్డు లేని ఊరు లేదు. గడ్డం ఆనించి చూస్తే రోడ్డు చివర రంగుల బెలూన్ కనిపించే ఆ యంత్రం ఆటోరిఫ్రాక్టోమీటరు. అది చెడ్డది కాదు, తొలి అంచనాకు పనికొస్తుంది. అయితే పిల్లలు ఆ బొమ్మను దగ్గరిదన్నట్టు చూసి కంటి కండరాన్ని బిగిస్తారు. అప్పుడు కాగితం మీద అసలు కంటే ఎక్కువ మైనస్ పడుతుంది. అందుకే చిన్నపిల్లలకు చుక్కలు వేసి, ఆ కండరం సడలాక చూడాలి. చుక్కలు వేసి పిల్లవాణ్ని ముప్పావు గంట కూర్చోబెట్టే ఓపిక ఉచిత పరీక్షకు ఉండదు, ఫ్రేము అమ్ముడైతే చాలు. రెండు కళ్లకూ తేడా ఎక్కువగా ఉండి ఒక కన్ను లేజీ ఐగా, అంటే మెదడు పట్టించుకోక చూపు మందగించే కన్నుగా, మారుతున్న పిల్లవాణ్ని ఎనిమిదేళ్ల లోపు పట్టుకోకపోతే, ఆ తర్వాత ఎంత ఖరీదైన అద్దమైనా పూర్తి ఫలితం ఇవ్వడం కష్టం. డిగ్రీ చదివిన ఆప్టోమెట్రిస్టుకూ యంత్రం మీట నొక్కేవాడికీ తేడా సరిగ్గా ఇక్కడే ఉంది, కొనేవాడికి అది కనిపించదు.

అవసరం లేక కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం చత్వారానికి సరైన అద్దాలు అందనివారే ప్రపంచంలో 82.6 కోట్ల మంది. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిస్తే ఆకు కోతలో ఉత్పాదకత ఇరవై శాతానికి పైగా పెరిగిందని 2018లో ప్రచురితమైన అధ్యయనం తేల్చింది. పత్తి ఏరే చేతులకూ, మిరపకాయల తొడిమలు తీసే చేతులకూ, మగ్గం మీద పోగు అతికే చేతులకూ ఇదే లెక్క ఎందుకు వర్తించదు?

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియనిది కాదు. తెలంగాణ 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టింది, 2023లో రెండో విడత నడిపింది. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరులో వైఎస్సార్ కంటి వెలుగు పేరుతో పథకం తెచ్చింది. ఊరూరా శిబిరాలు పెట్టి అద్దాలు పంచడం మెచ్చుకోదగ్గ పనే. అయితే శిబిరాల కోసం ఆప్టోమెట్రిస్టులను తాత్కాలిక పద్ధతిలో తీసుకున్నారు, శిబిరాలు ముగియగానే వారి పనీ ముగిసింది. చూపు శిబిరాల క్యాలెండరును బట్టి తగ్గదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శాశ్వత పోస్టు లేనంతవరకూ ఈ డిగ్రీ చదివినవారికి కార్పొరేట్ ఆసుపత్రి, లేదంటే కళ్లద్దాల గొలుసు దుకాణం తప్ప మరో దారి ఉండదు. ఆ దుకాణంలో వారి జీతం పరీక్షల నాణ్యత మీద కంటే అమ్మకాల లక్ష్యం మీద ఆధారపడే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

చట్టం మాత్రం వచ్చింది. అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టాన్ని 2021లో పార్లమెంటు ఆమోదించింది. ఆప్టోమెట్రిస్టు అనే పేరు తొలిసారి ఒక జాతీయ చట్టపు షెడ్యూలులో చేరింది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణులకు కనీసం 3,600 గంటల డిగ్రీ చదువు ఉండాలని, రాష్ట్ర మండళ్ల రిజిస్టరులో పేరు నమోదు కావాలని అది చెబుతోంది. మండళ్ల ఏర్పాటు ఎంత నత్తనడక నడిచిందంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు కల్పించుకుని గడువు పెట్టవలసి వచ్చింది. బ్రిటన్‌లో జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ రిజిస్టరులో లేనివారు తాము ఆప్టోమెట్రిస్టునని చెప్పుకోవడమే నేరం. అమెరికాలో నాలుగేళ్ల ఓ.డి. (డాక్టర్ ఆఫ్ ఆప్టోమెట్రీ) చదివి, బోర్డు పరీక్షలు దాటి, రాష్ట్ర లైసెన్సు తీసుకోవాలి, మన బ్యాచిలర్ డిగ్రీ అక్కడ నేరుగా చెల్లదు. మన పిల్లలు ఈ తేడాను విమానం ఎక్కడానికి ముందే తెలుసుకోవడం మంచిది. పేరును చట్టం కాపాడని చోట చదివినవాడికీ చదవనివాడికీ ఒకటే బోర్డు, ఒకటే తెల్ల కోటు.

ఇవన్నీ కుదుటపడేలోగా చేరబోయే విద్యార్థి చేతిలో ఉన్నది కాలేజీ ఎంపిక ఒక్కటే. కాలేజీ చూడడానికి వెళ్లిన తండ్రి హాస్టలు ఫీజు, బస్సు సౌకర్యం అడిగి వచ్చేస్తాడు. ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, అక్కడ పిల్లల కంటి విభాగం ఉందా, రోజుకు ఒక్కో విద్యార్థి ఎంతమంది రోగులను సొంతంగా చూస్తాడు, ఆ పరీక్షలను పక్కన నిలబడి సరిచూసేది ఎవరు అన్నవి అడగాలి. వీలైతే మూడో ఏడాది విద్యార్థిని పక్కకు పిలిచి, వాడుతున్న రెటినోస్కోపు చూపించమనాలి. దాని పిడి చేతి రాపిడికి నునుపెక్కిందా, ఇంకా కొత్తగా డబ్బాలోనే ఉందా అన్నది ఆ కాలేజీ గురించి బ్రోషరు చెప్పని సంగతి చెబుతుంది.