మెనే, టెకేల్, ఫ్యాను

నాగరికతలు ఎందుకు కూలతాయో తేల్చడానికి చరిత్రకారులు అనవసరంగా తంటాలు పడ్డారు. మిర్యాలగూడ దగ్గర మా ఊరి ప్రార్థన మందిరంలో ఒక ఆదివారం కూర్చుంటే గంటలో తేలిపోయేది. కానుకల పాట కలిపితే గంటన్నర.

మా అయ్యగారి లెక్క సూటిగా ఉంటుంది. క్రీ.పూ. 539లో బబులోను గర్వంతో పోయింది. క్రీ.శ. 476లో పడమటి రోమా విలాసంతో పోయింది. ఏది కూలినా కారణం అవతలివాళ్ల పాపమే. ఇవతలివాళ్ల పాపం దగ్గరికి వచ్చేసరికి మైకు గరగరలాడుతుంది.

410లో గోతుల రాజు అలారిక్ సేనలు రోమాను దోచుకున్నప్పుడు, పాత దేవుళ్లను వదిలేసినందుకే ఈ గతి పట్టిందని జనం క్రైస్తవుల మీద పడ్డారు. దానికి జవాబుగా క్రైస్తవ బిషప్పు అగస్టీను 413లో 'దేవుని పట్టణం' మొదలుపెట్టి 22 భాగాలు రాశాడు. మనుషులు కట్టినది రోమా అయినా సరే శాశ్వతం కాదన్నాడు. ఆ ఒక్క మాటకు పదమూడేళ్లు! పాపం, అప్పట్లో వాట్సాప్ లేదు.

కూలినవాటి కోసం మేం అంత దూరం పోనక్కర్లేదు. పూర్వం ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల రాజధాని విజయపురి శిథిలాలు మా సాగర్ నీళ్ల కిందే ఉన్నాయి. వాళ్లేం పాపం చేశారో ఏ ప్రసంగంలోనూ వినలేదు. ఆ నీళ్లే ఎడమ కాలువలో వచ్చి మా వరి పండిస్తుంటే అడిగేదెవరు?

బైబిల్లో బబులోను రాజు బెల్షస్సరు విందులో ఒక చెయ్యి గోడ మీద 'మెనే, టెకేల్, ఉఫార్సీన్' అని రాస్తే, ప్రవక్త దానియేలు అర్థం చెప్పాడు: లెక్క, తూకం, విభజన. మా సంఘం అదే పని తిరగేసి చేసింది. ముందు సెక్రటరీ పదవి దగ్గర విభజన. తర్వాత ప్లాస్టిక్ కుర్చీల లెక్క, చెరి ముప్పై రెండు. చివరికి వరండా రేకులు విప్పి పాత ఇనుము బండికి వేశారు. త్రాసు బండివాడిదే కాబట్టి తక్కువగానే కనబడ్డాయి.

ఇప్పుడు రెండు మందిరాల్లోనూ బబులోను మీదే ప్రసంగాలు. అదెటువైపు ఉందో ఎవరికీ చెప్పనక్కర్లేదు, మధ్యలో ఒక్క బర్రెల కొట్టమే అడ్డం. మొన్న వెనక కూర్చున్న ముసలమ్మ లేచి, "అయ్యగారూ, గా బబులోనోళ్లకు గూడ కమిటీ ఉండెనా?" అని అడిగింది. అయ్యగారు "స్తోత్రం" అని తర్వాతి వచనానికి వెళ్లిపోయారు.

చేతిరాత మాకూ ఉంది, కాకపోతే ఫ్యాను రెక్కల మీద. ఎర్ర పెయింటుతో దాత పేరు, ఇంటి పేరుతో సహా. ఆ దాత అవతలి వర్గంలోకి పోయి, ఎండాకాలం నడిమధ్యలో నిచ్చెన వేసుకొని ఫ్యాను విప్పడానికి వచ్చాడు. మా సంఘం ఒక్కటై నిలబడటం నేను చూసింది అప్పుడే. ఫ్యాను దక్కింది. పేరు చెరిపేద్దామని తిన్నర్ సీసా తెచ్చారు గానీ, ఆ ఉక్కలో ఫ్యాను ఆపనిచ్చేదెవరు?

పోయిన ఆదివారం అయ్యగారు దానియేలు అయిదో అధ్యాయం చదువుతుండగా కరెంటు పోయింది. రెక్కలు మెల్లగా ఆగాయి. అందరం తలలెత్తి చదివాం.