ఒక్క బియ్యం బస్తా, ఏడుగురి చేతులు

పొద్దున్నే ఫోన్ తెరిస్తే కాలనీ గ్రూపులో ఒక పాత ఫొటో. 2020 ఏప్రిల్, కరోనా లాక్‌డౌన్ రోజులు. ఫ్లెక్సీ ముందు ఏడుగురు పెద్దమనుషులు, ఏడుగురి చేతులూ ఒక్క బియ్యం బస్తా మీదే. మాస్కులు గడ్డాల కింద. ముఖం కనపడకపోతే ఫొటో ఎందుకు మరి! కింద ఒక మాట: "మళ్లీ అలాంటి కష్టమొస్తే మన ఫుడ్ బ్యాంక్ రెడీ." దానికి వరసగా దండాలు, గులాబీ పూలు.

దేనికి రెడీ సార్? ఫ్లెక్సీ మడతపెట్టి దాచారా?

ఆ ఫొటోలో కాటా లేదు. బస్తాలకు చెమ్మ తగలకుండా వేసే చెక్క పలక లేదు. రాసుకునే రిజిస్టర్ లేదు. ఫ్లెక్సీ మీద మాత్రం "నెలకు సరిపడా సరుకులు" అని ఉంది. ఒక్కో ఇంటికిచ్చిన కిట్టు లోపల ఏముంది? 10 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె. ఒళ్లొంచి పనిచేసే మనిషి మూడు పూటలా అన్నమే తింటే రోజుకు 350 గ్రాముల బియ్యం పైనే పడుతుంది. నలుగురుంటే కిలో 400. ఆ పది కిలోలు వారానికి ఖాళీ. పప్పు మనిషికి 50 గ్రాముల చొప్పున వేసుకున్నా ఐదు రోజులే. వారం కిట్ అని రాస్తే మీ పరువేం పోదు. నెల అని రాసినప్పుడే, ఎనిమిదో రోజున వాళ్లు ఎవరి తలుపు కొట్టాలో కూడా రాయాల్సింది.

ఉప్పేది? పసుపేది? కిలో ఉప్పు, పావుకిలో చింతపండు, 200 గ్రాముల కారం, 100 గ్రాముల పసుపు, రెండు సబ్బులు, ఆడవాళ్లకు ప్యాడ్లు. ఇవి మర్చిపోయారంటే ఆ జాబితా రాసింది వంటింటి గడప దాటని మగమహారాజే. పందెం.

అసలు ఒళ్లు మండేది ఇంకోచోట. ఆ నెల తెలంగాణలో రేషన్ కార్డున్న ప్రతి మనిషికీ ప్రభుత్వం 12 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చింది. నలుగురున్న ఇంటికి 48 కిలోలు. ఆ ఇంటికే వెళ్లి మళ్లీ 10 కిలోల బియ్యం ఇస్తే ఏమవుతుంది? అమ్మకానికి పోతుంది. వాళ్లను తిట్టకండి, వాళ్లకు కావలసింది పప్పు, నూనె, కూరగాయలు, గ్యాసు డబ్బులు. బియ్యం లేనిది పక్క గదిలో కార్డు లేకుండా అద్దెకున్నవాడికి. వాడి దగ్గరకు వెళ్లి "ఆధార్ జిరాక్స్ తెచ్చావా?" అన్నారు. లాక్‌డౌన్‌లో జిరాక్స్ షాపు ఎక్కడ తెరిచి ఉందో కూడా చెప్పాల్సింది! కార్డున్న ఇంటికి బియ్యం తగ్గించి పప్పు పెంచాలి, కార్డు లేనివాళ్లకు బియ్యంతో మొదలుపెట్టాలి. రెండు రకాల కిట్లు, రెండు రంగుల చీటీలు. దీనికేమీ ఐఏఎస్ చదవక్కర్లేదు.

వలస కూలీల సంగతి సరేసరి. "కుటుంబానికో కిట్" అన్నారు. రేకుల షెడ్డులో ఎనిమిది మంది మగవాళ్లుంటే అది ఒక కుటుంబమా, ఎనిమిదా? మనుషుల్ని లెక్కపెట్టాలి, తలుపుల్ని కాదు. ఒడిశా వాళ్లకు బియ్యం బాగానే పనికొస్తుంది, యూపీ వాళ్లు పిండి అడుగుతారు. ఇచ్చే ముందు ఒక్క మాట అడిగితే సరి. అడగకుండా కందిపొడి ప్యాకెట్లు పంచిన మహానుభావులున్నారు. అన్నిటికన్నా ముందు అడగాల్సింది పొయ్యి ఉందా అని. మెస్సులో తినేవాడికి పచ్చి బియ్యమిస్తే దిండు కింద పెట్టుకుని పడుకోవాలి. వాడికి వండిన పొట్లమే దిక్కు. 2020 మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు మొదటి శ్రామిక్ రైలు కదిలేదాకా, కదిలాక కూడా, ఎంతమంది ఆ పొట్లాల మీదే బతికారో.

పొట్లాలంటే గుర్తొచ్చింది. అన్నం దించిన వెంటనే వేడివేడిగా కవర్లో వేసి మూతి కట్టేస్తారు. ఆవిరి నీరై అన్నం మీదే పడుతుంది, ఎండాకాలం మూడు నాలుగు గంటల్లో జిగురొస్తుంది. దానిమీద సాంబారు కలిపితే ఇంకా త్వరగా. దూరం పోవాలంటే పులిహోర, అదీ చింతపండు గట్టిగా పట్టించి, పళ్లెంలో ఆరబెట్టి, అప్పుడు కట్టాలి. పెరుగన్నం దగ్గర్లోనే పంచేయాలి. 400 గ్రాముల పొట్లాలు వంద కావాలంటే బియ్యం 15 కిలోలు నానబెట్టుకోండి. వండిన టైము కవరు మీద మార్కర్‌తో రాయండి. తినేవాడికి ముక్కు మాత్రమే ఉంది, ల్యాబ్ లేదు.

"ఇంటింటికీ గుప్పెడు బియ్యం" అనే ఐడియా ఎవరిదో గానీ వారికి శతకోటి వందనాలు. ఒకరింట్లో సోనా మసూరి, ఇంకొకరింట్లో రేషన్ బియ్యం, మరొకరింట్లో మూడేళ్ల కిందటి బాస్మతి. అన్నీ ఒకే డ్రమ్ములో. వండితే సగం ముద్ద, సగం పలుకు. ఒక్కరి డబ్బాలో ముక్కు పురుగుంటే కొన్నాళ్లకు డ్రమ్మంతా పురుగే. ఇంట్లో వద్దనుకున్నవి పారేయడానికి పేదవాడి కడుపు చెత్తకుండీ కాదు. డబ్బులు తీసుకోండి, ఒకే రకం బియ్యం బస్తాలు కొనండి, బిల్లు గ్రూపులో పెట్టండి. 2020లో బస్తా 25 కిలోలు, ఐదు కిలోల సంచులు సరిగ్గా ఐదు. 2022లో 25 కిలోల దాకా ప్యాకెట్లకు జీఎస్టీ పెట్టాక మిల్లులు 26 కిలోల బస్తా మొదలుపెట్టాయి. బస్తాకు కిలో మిగులుతుంది, అది రిజిస్టర్‌లో కనపడాలి. కనపడదు, మనకు తెలుసు.

కూరగాయలంటే టమాటా, పాలకూర కొంటారు. రెండో రోజుకు నీళ్లు కారతాయి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, దోసకాయ, గుమ్మడికాయ, కంద తీసుకోండయ్యా. గుడ్లు కూడా. 2020లో కోడి తింటే కరోనా వస్తుందని పుకారు పుట్టి గుడ్ల ధర పడిపోయినప్పుడు ట్రేలకు ట్రేలు కొనిపెట్టాల్సింది. ఆ పుకారు ఫార్వర్డ్ చేసిందెవరు? ఫొటోలో ఎడమ నుంచి మూడో ఆయన.

బండి లెక్క కూడా చెప్తాను. కూరగాయలతో కిట్టు 18 కిలోలు తూగితే 200 కిట్లు 3,600 కిలోలు. టాటా ఏస్‌లో 750 కిలోలు వేస్తే ఐదు ట్రిప్పులు. ఒకే ట్రిప్పు అనుకుని రెండొందల మందిని ఒకేసారి పిలిస్తే తోపులాట కాక మనిషికీ మనిషికీ మధ్య దూరం ఎక్కడిది? పావుగంటకు పది మంది చొప్పున చీటీ మీద టైమేసి ఇచ్చినా ఐదు గంటలు. గల్లీకి బండి పంపితే ఆ గొడవే లేదు. కానీ గల్లీలో ఫ్లెక్సీ కట్టడానికి చోటుండదు!

2021 మేలో ఇంకో రకం కష్టం. ఇంటిల్లిపాదికీ పాజిటివ్. లేచి నిలబడే ఓపిక లేనివాళ్ల గుమ్మం ముందు బియ్యం మూట పెట్టొచ్చారు. తెలంగాణలో పొద్దున 6 నుంచి 10 దాకానే లాక్‌డౌన్ సడలింపు. ఆ నాలుగు గంటల్లోనే సరుకు తెచ్చుకుని, పాసులున్న కుర్రాళ్లతో భోజనాలు పంపాలి. పారేసే డబ్బాలో పంపాలి, స్టీలు క్యారియర్ పంపితే తిరిగి ఎవరు తెస్తారు?

ఎవరికి ఇవ్వాలో జాబితాలు చేయాల్సింది ఆశా వర్కర్, అంగన్‌వాడీ టీచర్. ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ ఇంట్లో టీబీ మందులు వాడుతున్నారో వాళ్లకే తెలుసు. చేసింది మాత్రం బస్తీ లీడరు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదు కదా.

ఇక ఆ కిట్ల వరసలో నిలబడ్డవాళ్లు ఎవరో చూశారా? సగం మంది మన ఇళ్లలో గిన్నెలు తోమేవాళ్లే. 2020 మార్చి నెలాఖరున గేటు దగ్గర ఆపేశారు. ఏప్రిల్ జీతం? "పని చేయలేదు కదమ్మా." మార్చి 29న కేంద్ర హోం శాఖ జీతాలు కోయొద్దని ఫ్యాక్టరీలకు, దుకాణాలకు ఆదేశమిచ్చింది. మన ఫ్లాట్ ఫ్యాక్టరీ కాదుగా! నాలుగిళ్లలో నాలుగు జీతాలు మిగుల్చుకుని, అందులోంచి ఐదొందలు చందా వేసి, ఆ మనిషికే పది కిలోల బియ్యమిచ్చి ఫొటో దిగారు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటారు. ఇక్కడ అత్త సొమ్ము అత్తకే దానం, పైగా ఆమె దండం కూడా పెట్టాలి. ఆ జీతాలు ఇచ్చేసి ఉంటే ఆ వరస సగానికి తగ్గేది, టాటా ఏస్ ట్రిప్పులూ తగ్గేవి.

ఇదంతా గ్రూపులో పెడితే "నెగెటివిటీ వద్దు" అంటారని ఇక్కడ రాస్తున్నాను. అన్నట్టు ఫొటో ఇంకోసారి పెద్దది చేసి చూశాను. ఆ బస్తా 25 కిలోలదే. మలక్‌పేట గంజ్‌లో హమాలీ ఒక్కడే రెండు మోస్తాడు.