ఆంగ్లికన్ విశ్వాసం రాజు పెళ్లి గొడవలోంచి రాలేదు

"ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీకి పోప్ విడాకులు ఇవ్వలేదు. కోపంతో రాజు సొంత మతం పెట్టుకున్నాడు. అదే ఆంగ్లికన్ సంఘం. దాని రచయితలంతా రాజు చెప్పిందే రాశారు. దానికంటూ సిద్ధాంతమే లేదు." చాలామంది షేర్ చేస్తున్న మాట ఇది. 1947లో సీఎస్ఐగా (దక్షిణ ఇండియా సంఘంగా) ఏకమైన సంఘాల్లో ఆంగ్లికన్ కూడా ఒకటి కాబట్టి, ఇది డోర్నకల్ విశ్వాసులకూ తగిలే మాటే.

"రాజు కొత్త మతం పెట్టాడు." పెళ్లి గొడవ నిజమే. 1534లో పార్లమెంటు రాజును ఇంగ్లండు సంఘానికి అధిపతిగా గుర్తించిందన్నదీ నిజమే. కానీ అప్పుడు మారింది ప్రధానంగా అధికారం. పోప్‌ను ఎదిరించిన జర్మనీ సంస్కర్త లూథర్‌ను ఖండిస్తూ 1521లో పుస్తకం రాసి, పోప్ నుంచి 'విశ్వాస రక్షకుడు' బిరుదు పొందినవాడు హెన్రీ. 1539లో కూడా రొట్టె, ద్రాక్షారసం క్రీస్తు శరీర రక్తాలవుతాయన్న పాత బోధనూ, గురువుల బ్రహ్మచర్యాన్నీ చట్టం చేసి మరీ నిలబెట్టాడు.

"రచయితలంతా రాజు చెప్పిందే రాశారు." ఈ మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. కొత్త నిబంధనను గ్రీకు నుంచి ఇంగ్లీషులోకి తెచ్చి 1526లో అచ్చు వేయించిన విలియం టిండేల్, రాజు విడాకుల ప్రయత్నం తప్పని 1530లో బాహాటంగా రాశాడు. 1536లో బ్రసెల్స్ దగ్గర ఆయనను చంపేశారు. కాంటర్బరీ ఆర్చిబిషప్ థామస్ క్రాన్మర్ రాజు పెళ్లిని రద్దు చేసిన మాట వాస్తవమే. అయితే ఆయన కూర్చిన సామాన్య ప్రార్థనా గ్రంథం వచ్చింది 1549లో, రాజు పోయిన రెండేళ్లకు. కేథలిక్ అయిన మేరీ రాణి కాలంలో చెరలో ఉండి, భయపడి తన బోధను వదులుకుంటున్నానని సంతకాలు పెట్టాడు. 1556లో ఆక్స్‌ఫర్డ్‌లో సజీవంగా తగలబెట్టే రోజున మాత్రం ఆ సంతకాలు చెల్లవని అందరి ముందూ చెప్పి, వాటిని పెట్టిన కుడిచేతినే ముందు మంటల్లో పెట్టాడు. రాజు మెప్పు కోసం రాసిన మనిషి అలా చస్తాడా?

"సిద్ధాంతం లేదు." 1562లో ఆంగ్లికన్ బిషప్ జాన్ జ్యూయెల్ ఆది సంఘ పితరుల (తొలి శతాబ్దాల క్రైస్తవ బోధకుల) రచనలు ముందుపెట్టి, తమది కొత్త మతం కాదని వాదించాడు. 1593 నుంచి ఆంగ్లికన్ గురువు రిచర్డ్ హుకర్ సంఘ పాలన మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు.

ఆంగ్లికన్ల తరఫున మాట్లాడేవాళ్లు కూడా ఒకటి సరిచేసుకోవాలి. వాక్యం (బైబిలు), బుద్ధి, సంప్రదాయం సమానమైన మూడు కాళ్లున్న పీట అని హుకర్ పేరు మీద చెబుతుంటారు. ఆయన ఆ పోలిక వాడలేదు. వాక్యం స్పష్టంగా చెప్పినదానికే మొదటి స్థానం, తర్వాత బుద్ధికి అందేది, ఆ తర్వాతే సంఘం మాట అని వరుస పెట్టి రాశాడు.