ఆకుపచ్చ గడిలో డేటాబేస్ ఆరోగ్యం

డేటాబేస్‌లకు వచ్చే జబ్బులలో అధికభాగం వాటిని పరీక్షించడం వల్లనే బయటపడుతున్నాయన్న సత్యాన్ని మన తిరుపతి కార్యాలయాలు ఏనాడో గ్రహించాయి. రేణిగుంట రోడ్డు మీద అద్దాల భవనంలో కూర్చున్న డీబీఏ (డేటాబేస్‌ను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగి) పొద్దున్నే, డేటాబేస్ తన తప్పులను రాసుకునే అలర్ట్ లాగ్ తెరవకుండా ఉంటే, అందులో రాత్రంతా తప్పులు పోగుపడ్డాయన్న సంగతి ఎవరికీ తెలియదు, ఎవరి కాఫీ చేదుకాదు. అలాగని పరీక్షను పూర్తిగా మాన్పిస్తే ఆడిట్ వాళ్ళు ఊరుకోరు. అందుకే అనుభవజ్ఞులైన మేనేజర్లు పరీక్షను తప్పించి, దాని స్థానంలో నివేదికను ప్రవేశపెట్టారు.

ఈ నివేదిక ఒక ఎక్సెల్ షీటు. టేబుల్‌స్పేస్, (డేటా దాచే చోటు), లిజనర్ (బయటి కనెక్షన్లను అందుకునేది), ఆర్కైవ్ లాగ్‌ల (మార్పుల చిట్టా నకళ్ళ) చోటు, బ్యాకప్ అని వరుసగా గడులుంటాయి. గడి ఆకుపచ్చగా ఉంటే క్షేమం, పసుపుపచ్చగా ఉంటే ఫోను, ఎర్రగా ఉంటే మీటింగు. మీటింగంటే ఎవరికి మాత్రం సరదా? కాబట్టి నిన్నటి షీటులో తేదీ మార్చి నేడు పంపే పద్ధతి స్థిరపడింది. టేబుల్‌స్పేస్ వాడకం 85 శాతం దాటిందని ఒక గడి ఎర్రబడ్డప్పుడు హద్దును 90కి, ఆ తరువాత 95కి జరిపితే గడి తిరిగి ఆకుపచ్చగా మారుతుంది. డిస్కు కొనే ఖర్చూ తప్పుతుంది. ‘ఆటోఎక్స్‌టెండ్ పెట్టినాం కదా, అదే పెరుగుతుంది’ అన్న ధైర్యం ఒకటి ఎలాగూ ఉంది. ఒరాకిల్ అనే డేటాబేస్‌లో 8 కేబీ బ్లాకులున్న మామూలు డేటాఫైలు 32 జీబీ దగ్గర ఆగిపోతుందనీ, ఆపైన డిస్కు ఎంత ఖాళీగా ఉన్నా ఆ ఫైలు ఒక్క అంగుళం కూడా జరగదనీ గుర్తుచేసే డీబీఏను సానుకూల దృక్పథం లేనివాడిగా పరిగణించవలసి వస్తుంది.

ఆర్కైవ్ లాగ్‌ల చోటు నిండినప్పుడు మాత్రం సంగతి దాచడం కొంచెం కష్టం. మార్పులను ఎప్పటికప్పుడు రాసుకునే రీడో లాగ్‌ను ఆర్కైవ్‌లోకి నకలు తీయకుండా దాని మీద మళ్ళీ రాయడానికి ఒరాకిల్ ఒప్పుకోదు గనుక, ఓఆర్ఏ-00257 అనే ఎర్రర్ చెప్పి పనంతా నిలిపేస్తుంది. అప్పుడు పెద్దలెవరో వచ్చి పాత ఆర్కైవ్ ఫైళ్ళను లినక్స్‌లోంచి నేరుగా తీసేయమంటారు. తీసేస్తారు. అయినా రికవరీ ఏరియా (ఆ ఫైళ్ళుండే చోటు) నిండే ఉందని డేటాబేస్ మొండికేస్తుంది, ఎందుకంటే ఒరాకిల్ బ్యాకప్ పనిముట్టయిన ఆర్‌మ్యాన్‌లో క్రాస్‌చెక్ నడిపి, లేని ఫైళ్ళను లెక్కలోంచి కొట్టివేసేదాకా దాని ఖాతాలో అవి ఉన్నట్టే. ఫైళ్ళూ పోయి, చోటూ దొరకక, పాత బ్యాకప్ నుంచి నేటి దాకా వచ్చే దారి కూడా మధ్యలో తెగిపోయిన ఆ స్థితిని ‘తక్షణ చర్య’ అని నివేదికలో రాసుకోవచ్చు.

ఇక తాళాల సంగతి, అంటే ఒకరు మారుస్తున్న వరుసను వారి పని ముగిసేదాకా ఇంకొకరు మార్చకుండా డేటాబేస్ వేసే లాక్‌ల సంగతి. ఈ మధ్య ఊళ్ళోని ఒక ఆఫీసులో ఒక డెవలపర్ బిల్లుల టేబుల్ మీద అప్‌డేట్ నడిపి, కమిట్ చేయకుండా (మార్పును ఖాయం చేయకుండా), ఊరి నుంచి వచ్చిన అత్తమామలను వెంటబెట్టుకొని కొండకు పోయాడు. సెల్‌ఫోనును గుళ్ళోకి తీసుకుపోనివ్వరు గనుక అది కింద కౌంటర్లో డిపాజిట్ అయింది. ఆయన వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంటు తలుపు ఎప్పుడు తీస్తారా అని కూర్చుంటే, ఇక్కడ ఆ వరుసలను మార్చదలచిన సెషన్లన్నీ (మిగతావారి కనెక్షన్లన్నీ) ఆయన వెనుక అదే విధంగా బారులు తీరి కూర్చున్నాయి. మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ అయివుంటే మామూలు అమరికలో 50 సెకన్లు చూసి, ఇక నావల్ల కాదని వెనుదిరిగేది. ఒరాకిల్ భక్తి వేరు. ప్రత్యేకంగా చెప్పకపోతే ఎంతసేపైనా ఆగుతుంది. ఈ లోపల సీపీయూ ప్రశాంతంగా ఉంది, మెమరీ ఉంది, లిజనర్ పలుకుతోంది, అంటే షీటులోని గడులన్నీ ఆకుపచ్చగానే ఉన్నాయి.

“ఏం సామీ, డేటాబేస్ ఇంత స్లోగా ఉండాది?” అని మేనేజర్ అడిగాడు.

“స్లో కాదు సార్, ఒకాయన కమిట్ చేయకుండా కొండకు పోయినాడు. ఆ సెషన్ ఒక్కటి తీసేస్తే అయిపోతుంది.”

“ఒకరిది తీసేస్తే బాగుండదు గానీ, సర్వర్ రీస్టార్ట్ చేసేయ్.”

అడ్డం పడిన సెషన్ ఏదో ఒక్క క్వెరీలో తేలిపోతుంది, దాన్ని ఒక్క ఆదేశంతో తొలగించవచ్చు. అయితే అందులో సమానత్వం లేదు. రీస్టార్టులో అందరి పనీ సమానంగా పోతుంది. మెమరీలో చేరిన బ్లాకులన్నీ ఖాళీ అయి, కాసేపు ప్రతి క్వెరీ డిస్కు దాకా నడవవలసి వస్తుంది. ఇదివరకు లేని నెమ్మది అప్పుడు నిజంగానే వస్తుంది గనుక మేనేజర్ మాట కూడా నిజమవుతుంది.

బ్యాకప్‌ల విషయంలో విదేశీయులు మనకంటే బాగా వెనుకబడి ఉన్నారు. 2017 జనవరి 31న ప్రోగ్రాముల కోడ్‌ను దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రెండవ సర్వర్ అనుకొని ప్రధాన సర్వర్‌లోని డేటా డైరెక్టరీని చెరపడం మొదలుపెట్టి, చేతిని వెనక్కి తీసుకునేలోపల సుమారు 300 జీబీలో 4.5 జీబీ మాత్రమే మిగిలింది. రోజూ తీస్తున్నామనుకున్న బ్యాకప్ కోసం చూస్తే, డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 9.6 వెర్షన్, బ్యాకప్ పనిముట్టు 9.2 వెర్షన్ కావడం వల్ల అది పూర్తికావడమే లేదని తేలింది. ఆ వైఫల్యాన్ని తెలిపే మెయిళ్ళను మెయిల్ సర్వరే తిప్పికొట్టింది. దాదాపు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన స్నాప్‌షాట్ (అప్పటి డేటా నకలు) ఉండబట్టి బతికిపోయారు. ఇంత జరిగాక ఆ వివరాలన్నీ తామే లోకానికి ప్రకటించుకోవడం అన్నింటికంటే వింత. మన దగ్గర అలాంటి మెయిల్ తిరస్కరణకు గురికాదు. నేరుగా వచ్చి, దానికోసమే ఏర్పాటుచేసిన ఫోల్డరులోకి చేరి, మిగతా వేల మెయిళ్ళతో కలిసి చదవబడకుండా భద్రంగా ఉంటుంది.

అయినా కొందరు డీబీఏలు బ్యాకప్‌ను వేరే మెషీన్ మీదికి ఎక్కించి, డేటాబేస్ నిజంగా తెరుచుకుంటుందో లేదో చూడాలంటూ డిస్కు అడుగుతున్నారు. బ్యాకప్ గడి ఆకుపచ్చగా ఉండగా ఆ డిస్కుకు మంజూరు ఇవ్వడం అంటే షీటును అవమానించడమే. వారి కోరికను కూడా పూర్తిగా తోసిపుచ్చకుండా, ‘రిస్టోర్ పరీక్ష’ అని మరొక గడి చేర్చాలని నా సూచన. మెషీన్ సంగతి వచ్చే బడ్జెట్‌లో చూసుకోవచ్చు గానీ, గడికి రంగు వేసే పనిని సోమవారం నుంచే మొదలుపెట్టవచ్చు.