సేఫ్ ఏరియా, ఫ్యామిలీలకు మాత్రమే

పరీక్ష రాయడానికి వచ్చే పిల్ల, ఆపరేషన్‌కు తోడొచ్చే పెద్దాయన, పెళ్ళికొచ్చే మేనత్త. నెల్లూరులో గది కావాలంటే ముగ్గురూ ముందుగా అడిగేది ఒకటే: "ఆ ఏరియా సేఫేనా?" దీనికి జవాబు చెప్పలేనివాడు మా ఊళ్ళో ఇంకా పుట్టలేదు. మాగుంట లేఅవుట్‌లో ఉండేవాడు మాగుంట లేఅవుట్‌ను మించింది లేదంటాడు. దర్గామిట్టవాడు దర్గామిట్ట అంటాడు. స్టోన్‌హౌస్‌పేటవాడు ఒకడుగు ముందుకేసి, "మా పేటలో రాత్రి రెండింటికి నడిచినా పలకరించే దిక్కుండదు" అని భరోసా ఇస్తాడు.

ఈ లోకజ్ఞానాన్నంతా లాడ్జీలవాళ్ళు బోర్డెక్కించేశారు. 'సేఫ్ ఏరియా. ఫ్యామిలీలకు మాత్రమే. బస్టాండుకు నడక దూరం.' ఏ బస్టాండని అడగడం మర్యాద కాదు. ఆర్టీసీ బస్టాండుంది, ఆత్మకూరు బస్టాండుంది, మద్రాసు బస్టాండుంది. మూడింట్లో ఏదో ఒకదానికి నడిచిపోలేని లాడ్జి కట్టాలంటే చాలా కష్టపడాలి. పైగా రాత్రిపూట ప్రైవేటు బస్సులు చాలావరకు ఊళ్ళోకి రావు, బైపాస్ మీద దించేసి పోతాయి. కాబట్టి శాస్త్రోక్తంగా ఏరియా ఎంచుకోదలచినవారు ముందు టికెట్టు మీద దిగే చోటు చూసుకోవాలి, అక్కడినుంచి లాడ్జికి ఆటో ఏ దారిన పోతుందో కనుక్కోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే ఆ దారిలో అండర్ బ్రిడ్జి తగులుతుందా అన్నది కూడా. రైలు కట్ట ఊరిని రెండుగా చీల్చింది మరి. వాన గట్టిగా దంచితే రామలింగాపురం దగ్గరా, మాగుంట లేఅవుట్ దగ్గరా, విజయమహల్ గేటు దగ్గరా కట్ట కింద నీళ్ళు నిలబడతాయి. ఎంత గొప్ప ఏరియా అయినా అవతలి ఒడ్డున ఉండిపోతుంది. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు కట్టే కోసుకుపోయింది. నది పక్క కాలనీల్లో గది దొరికితే, చవగ్గా ఉన్నా సరే, ఆ నెలల్లో పై అంతస్తే అడగండి. రొట్టెల పండుగ రోజుల్లో మాత్రం ఏ ఏరియా, ఏ అంతస్తు అనే చర్చే ఉండదు, దొరికిందే సేఫ్.

సరే, ఏరియా కుదిరింది. గ్రానైటు పరిచిన రిసెప్షన్ దాటి, లిఫ్టెక్కి, గదిలోకి వెళ్ళాక మీ ప్రాణానికి కాపలా కాసేది ఏరియా కాదు, అరంగుళం స్క్రూలు నాలుగు. గడియ వేసి తలుపును భుజంతో ఒకసారి తోసి చూడండి. గడియ దూరే పట్టీ కదిలిందంటే ఆ స్క్రూలు పుచ్చిన చెక్కలో ఉన్నట్టు. మొహమాటపడకుండా వేరే గది అడగండి. తర్వాత తలుపుకు బయటివైపు చూడండి. పాత లాడ్జీల్లో అక్కడో గొళ్ళెం ఉంటుంది. మీరు లోపల నిద్రపోతుంటే దాన్ని ఎవడైనా సరదాకి వేసిపోవచ్చు. దీనికి మందు ఇంటినుంచి తెచ్చుకున్న చిన్న తాళంకప్ప. లోపలికి వెళ్ళేముందు దాన్ని గొళ్ళెం తగిలించే కొక్కేనికే వేసి నొక్కేస్తే బయటినుంచి గొళ్ళెం పడదు. లాడ్జివాళ్ళిచ్చిన తాళానికి రెండో చెవి ఎవరి దగ్గరుందో దేవుడికే తెలియాలి. బాత్రూమ్ వెంటిలేటరు వరండాలోకి తెరుచుకుంటే అద్దాలకు న్యూస్‌పేపరు అడ్డం పెట్టండి.

ఇక రాత్రి పదకొండు దాటాక జరిగే భద్రతా మహోత్సవం. వాచ్‌మన్ కింద షట్టరు దించి తాళం వేస్తాడు. చెవి తలగడ కింద పెట్టుకుంటాడు. గురక మొదలవుతుంది. రెండో మెట్లదారి ఉందా అంటే, భేషుగ్గా ఉంది. విరిగిన మంచాలూ పాత పరుపులూ నిండుగా ఉన్నాయి దాన్లో. కిటికీలకు ఇనుప గ్రిల్లు, దొంగలు రాకుండా. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటలు కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ అంటుకుంది. పొగ మెట్లమీదుగా పైకెక్కింది. ఎనిమిది మంది పోయారు. అది నడిబొడ్డు, ఆ ఏరియాను అన్‌సేఫ్ అన్నవాళ్ళెవరూ లేరు. అందుకని సెల్లారులో ఏం పెట్టారో ఒకసారి తొంగిచూడండి. గది ఒకటో అంతస్తులోనో రెండో అంతస్తులోనో ఉంటే చాలు. మీ తలుపు నుంచి మెట్లదాకా ఎన్ని తలుపులున్నాయో లెక్కపెట్టుకోండి, పొగలో కళ్ళు కనబడవు.

ఇవన్నీ గది దొరికినవాళ్ళ కష్టాలు. నాన్నను నెల్లూరు పొగతోటలోని ఆస్పత్రిలో చేర్చారని ఫోనొస్తే ఉన్నపళాన రైలెక్కి, పదకొండున్నరకు దిగి, ముందే డబ్బు కట్టి బుక్ చేసుకున్న 'సేఫ్' లాడ్జి కౌంటరు ముందు నిలబడిన అమ్మాయిని ఊహించుకోండి.

"సింగిల్‌గా వచ్చారామ్మా?"

"అవునండీ. బుక్ చేసుకున్నాను. ఆధార్ ఇదిగో."

"సింగిల్ లేడీస్‌కి ఇవ్వమమ్మా. ఓనరు రూలు. మీ సేఫ్టీ కోసమే."

"ఈ టైములో ఇంక యాడికి పోవాలండీ?"

"అది మాకెట్టా తెలుస్తాదమ్మా? మగతోడు ఎవురన్నా ఉంటే చెప్పండి."

"తమ్ముడున్నాడు. కావలిలో. మొన్నే పద్దెనిమిది నిండాయి, ఇంటర్ తప్పాడు."

మేనేజరు మొహం వికసిస్తుంది. "అట్ట చెప్పండమ్మా! ఆయన ఆధార్ వాట్సాప్‌లో పెట్టించండి, చాలు."

ఉద్యోగం చేసి ఇంటిని నడుపుతున్న మనిషి గుర్తింపు కార్డు పనికిరాలేదు. ఏభై కిలోమీటర్ల అవతల గుర్రుపెట్టి నిద్రపోతున్న ఇంటర్ తప్పినవాడి మసక ఫోటో చాలింది, లాడ్జి మొత్తానికి రక్షరేకులా. ఈలోగా నలుగురు మగవాళ్ళు గలగలలాడే సంచితో వచ్చి, రెండు నిమిషాల్లో తాళం చెవి పుచ్చుకుని పైకెళ్ళారు. వాళ్ళను ఎవరితో వచ్చారనీ, ఎందుకొచ్చారనీ అడిగినవాడు లేడు.

లాడ్జి ఓనరుగారూ, ఏ చట్టంలో ఉందయ్యా ఈ రూలు? ఎక్కడా లేదు. మేజరైన ఆడమనిషి ఒంటరిగా వస్తే గది ఇవ్వకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. ఇది ఆమె కోసం పెట్టిన రూలు కానే కాదు. రేపేదైనా జరిగితే పోలీసులు మీ గుమ్మం తొక్కకూడదు, అంతే. జరిగేదేదో మీ రిజిస్టర్‌లో పేరెక్కకుండా, మీ షట్టరుకు అవతల, రోడ్డు మీద జరగాలి. అర్ధరాత్రి ఆడపిల్లను రోడ్డు మీదకు తోసి దానికి సేఫ్టీ అని పేరు పెట్టడానికి సిగ్గుండాలి.

ఒకవేళ దయతలచి ఇచ్చినా, "ఒరే, టూ నాట్ త్రీ, సింగిల్ లేడీ!" అని హాలంతా వినబడేలా కుర్రాడికి కేకేస్తారు. పేరు, ఫోన్ నంబరు, గది నంబరు రాసిన రిజిస్టర్ కౌంటరు మీద బార్లా తెరిచే ఉంటుంది. గది నంబరు పైకి చదవొద్దని ముందే చెప్పండి, చదివితే గది మార్పించుకోండి. ఆధార్ ఫోటోను మేనేజరు సొంత ఫోనుకు పంపకండి. చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్డ్ ఆధార్ జిరాక్స్ ఇచ్చి, దానిమీద తేదీ, లాడ్జి పేరు అడ్డంగా రాయండి.

డబ్బు కట్టేముందే ఫోన్ చేసి, ఒంటరిగా వచ్చే ఆడమనిషికి గది ఇస్తారా అని అడగండి. మగవాళ్ళూ అడగండి. ఇవ్వమంటే అక్కడ దిగకండి, ఎందుకు దిగలేదో రివ్యూలో రాయండి. బుక్ చేసుకున్నాక అర్ధరాత్రి గుమ్మంలో నిలబెడితే మాత్రం బయటికి రావద్దు. ఆ కౌంటరు ముందే కుర్చీ లాక్కుని కూర్చుని, మేనేజరుకు వినబడేలా పోలీసు సాయానికి 112కు ఫోన్ చేయండి. ఏదో ఒక అంతస్తులో గది ఖాళీగా ఉన్న సంగతి ఆయనకు గుర్తొస్తుంది.